మ్యూట్‌లో అన్న మాటలు

నోరు బార్లా తెరిచి పడుకున్నాను. కుడి దవడ పక్కన దూది ఉండలు రెండు, ఎడమ మూల నుంచి వేలాడుతూ ఉమ్మి లాగే గొట్టం, మెడ కింద కాగితం తువ్వాలు. మీద పడే దీపానికి కళ్లు మూసుకోవాలో, మర్యాదకు తెరిచి ఉంచాలో తేలక సగం మూశాను. పన్ను కింది వరసలో చివరిది, ఆరు నెలలుగా లవంగం పెట్టి బుజ్జగిస్తూ వచ్చినది. డాక్టరుగారు సూది గుచ్చి, బుగ్గ మీద రెండుసార్లు తట్టి, పాపం ధైర్యం చెప్పడానికే ఒక మాట అన్నారు. "మత్తిచ్చామంటే మీకు తెలియకుండా చేశాం, అంతేనమ్మా. లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది." ఆ మాటను పంటి వరకే తీసుకుని ఊరుకుని ఉంటే ఈ గంట సుఖంగా గడిచేది. నా బుర్ర అలా ఊరుకునే రకం కాదు, పిలవని పేరంటానికి ముందు వెళ్లేది అదే. మీకు తెలియదు, అంతే, లోపల జరిగేది జరుగుతుంది. ఎక్కడో విన్నట్టుంది, కాదు, ఎక్కడో చేసినట్టుంది. నిన్న ఆదివారం మధ్యాహ్నం నా కుడిచేతి చూపుడు వేలు మ్యూట్ మీట నొక్కింది. మ్యూట్ నొక్కితే కంప్యూటర్లో అవతల ఉన్న మా ఆడపడుచుకు నా గొంతు వినబడదు. అంతే. ఇవతల నా మైకు తెరిచే ఉంటుంది. రికార్డయ్యేది రికార్డవుతూనే ఉంటుంది. అలా రికార్డయిన ఫైలును ఇందాక ఇంట్లో బయల్దేరే ముందు, చెప్పులేసుకుంటూ, నేనే, నా చేత్తో, ఆవిడకే పంపి వచ్చాను. సగం మూసిన కళ్లు పూర్తిగా మూసేశాను. డాక్టరుగారు మత్తు ఎక్కుతోందనుకుని సంతోషించారు.

మా ఆడపడుచును ఇంట్లో అందరూ పిట్ట అంటారు. మనిషి సన్నం, గొంతు అంతకంటే సన్నం, ఒకచోట కూర్చోదు. వేరే ఊళ్లో, పెళ్లి వీడియోలు కోసి అతికించే స్టూడియోలో పని. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి తను అక్కడ, నేను ఇక్కడ హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్లో ఒక ఆట ఆడతాం. ఇద్దరు హమాలీలు ఒక ఇనప బీరువాను కొండ మీదికి మోసుకెళ్లే ఆట. ముందు పిట్ట, వెనక నేను. ఒకరి కాలు జారితే ఇద్దరూ బీరువాతో సహా కిందికి. పైన చెక్క వంతెన ఒకటుంది, ముప్పై నాలుగు వారాలుగా మేం దాన్ని దాటలేదు, ప్రతిసారీ నేనే పడతాను. ఆ పడడాన్నంతా పిట్ట ఇరవై నిమిషాల వీడియోగా కోసి నెట్లో పెడుతుంది, దాని పేరు వదినా మరదళ్లు. చూసేవాళ్లు తక్కువ, కానీ నమ్మకస్తులు, వదినగారు ఈ వారం ఏ చెక్క మీద పడతారో ముందే రాస్తుంటారు. నా కంప్యూటర్ కొత్తది కాబట్టి రికార్డింగు నా దగ్గరే. మొదటి వారం నేను పంపింది విని పిట్ట నెత్తి కొట్టుకుంది. ఆట చప్పుడు, నా గొంతు, తన గొంతు అన్నీ ఒకే ట్రాకులో ముద్దగా పడ్డాయట. బీరువా చప్పుడు తగ్గిద్దామంటే మన మాటలూ తగ్గిపోతున్నాయి వదినా, మూడు పాయలు విడివిడిగా ఇస్తే జడ నేనల్లుకుంటాను, అల్లి జిగురు పోసి ఇస్తే ఏం చెయ్యను అంది. గంటసేపు ఫోన్లో, నడక నేర్పినట్టు, ఏ గడిలో టిక్కు పెట్టాలో నేర్పింది. ఒకటో ట్రాకు ఆట, రెండో ట్రాకు నేను, మూడో ట్రాకు తను. అంటే రెండో ట్రాకులో నేను తప్ప ఇంకేం ఉండదు. దాక్కుందామంటే బీరువా చప్పుడైనా ఉండదు. శుభ్రంగా, అద్దంలా, నేనూ నా నోరూ.

ఆ నోరే ఇప్పుడు ఇంత తెరిచి ఉండీ ఎందుకూ పనికిరాకుండా ఉంది. ఏం చేస్తుంటారు మీరు, అని అడిగారు డాక్టరుగారు, రెండు చేతులూ నా నోట్లోనే ఉంచి. జవాబు నర్సమ్మ చెప్పింది, యాభై దాటిన మనిషి, నా కాగితం చూసి, నీళ్ల ఆఫీసులోనండీ, ఫిర్యాదులు తీసుకునేచోట అని. అలాగా, అన్నారాయన. ఆ అలాగాలో నాకు రాబోయేది వినబడింది. మూడు నెలలుగా వాళ్ల వీధిలో పై అంతస్తుకు నీళ్లెక్కడం లేదట. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరో ఒకావిడ చాలా మర్యాదగా మాట్లాడి నంబరిస్తుందట, నీళ్లు మాత్రం రావట. ఆ ఒకావిడ పంటి లోపల ఆయన సన్నటి ఆకురాయి తిప్పుతున్నారు. పధ్నాలుగేళ్లుగా విన్న సంగతే ఇది, కాకపోతే ఇన్నాళ్లూ నా వేలి కింద ఒక ఎర్ర మీట ఉండేది. మా ఆఫీసు మ్యూట్ నిజమైన మ్యూట్, నొక్కితే ఆ మాట గాలిలో పుట్టి గాలిలో పోవలసిందే. ఉద్యోగంలో చేరిన రోజు పక్క సీటావిడ నాకు నేర్పిన విద్య అదొక్కటే. వాళ్లు తిడతారు, నువ్వు మీట నొక్కి తిట్టు, మీట వదిలి అలాగేనండి అను. అలా అని అని నాకు రెండు గొంతులు తయారయ్యాయి. ఒకటి నీళ్లు కలిపిన పాలలాంటి మర్యాద గొంతు. రెండోది మీట కింద గొంతు, దానికి వీధి కుళాయి దగ్గర కూడా ఎదురు లేదు. పిట్టతో మాట్లాడేది మొదటిదానితోనే. చూశావా వదినా ఎలా దూకానో అంటుంది, చాలా బాగా దూకావమ్మా అంటాను, ఆ అమ్మా పూర్తయ్యేలోపే వేలు మీట మీదికి వెళ్లిపోతుంది. తప్పు వేలిది కాదు, ఉద్యోగానిది.

సంచిలో ఫోను వణికింది. మోత తీసేసి వణుకు ఉంచుకున్నాను, కానీ సంచి కిటికీ పక్కన స్టీలు స్టూలు మీద ఉంది, అది గదంతా గిలక్కాయలా మోగింది. మీదేననుకుంటానమ్మా, అంది నర్సమ్మ. నాకూ తెలుసు. సోమవారం పదిన్నరకు నాకు ఫోన్ చేసేది ఎవరు. ఫైలు అందింది, తెరిచింది, విన్నది. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యెత్తండి అని మొదట్లోనే మా మధ్య ఒప్పందం, ఫోను కావాలంటే ఏ చెయ్యెత్తాలో ఒప్పందంలో లేదు. ఎడమదే ఎత్తాను. ఇంకా తెలుస్తోందా, అని జాలిపడి మరో సూది గుచ్చారు. ఫోను ఆగింది, ఊపిరి పీల్చుకున్నట్టు కాసేపు ఊరుకుని మళ్లీ మొదలెట్టింది. మళ్లీ చెయ్యెత్తబోయి, సూది గుర్తొచ్చి, ముక్కు గోక్కుని దించేశాను. ముక్కు ఎక్కడుందో తెలియలేదు. నాలుక కూడా ఇప్పుడు నాది కాదు, ఎవరో నోట్లో మరిచిపోయిన చెప్పులా ఉంది.

ఏమన్నానసలు. నిన్న మధ్యాహ్నం, వంతెన ముందర, పిట్ట అటువైపు మంచినీళ్లు తాగుతున్నట్టుంది, మా ఆయన ఆరిన బట్టల బుట్ట పట్టుకుని గదిలోకొచ్చాడు. వచ్చి, చొక్కాలు మడతపెడుతూ, తెర వైపు చూసి ఏదో అడిగాడు. నేను మ్యూట్ నొక్కాను. నొక్కి, నీ చెల్లెలికి ముందు నడవడం రాదు, వెనక నడవడం అంతకంటే రాదు, నడిపిస్తున్నానని అరవడం మాత్రం వచ్చు అన్నాను. అయ్యో. ఇంకా ఉంది. ఆ అరుపుకు బీరువా తలుపే భయపడి తెరుచుకుంటోంది అన్నాను. మా ఆయన నవ్వాడు, అతను నవ్వితే నాకు ఊపొస్తుంది, అదొక జబ్బు. ఆరు వారాల పాటు మనింట్లో మంచం మీద పడుకుని నాకు నేర్పిందనుకుంటోంది, నేను రోజూ ఆఫీసు నుంచి రాగానే అరగంట ఒక్కదాన్నే సాధన చేస్తానని తెలిస్తే ఆ మొహం చూడాలి అన్నాను. ఆ మొహం ఇప్పుడు ఎలా ఉందో. తర్వాత మా ఆయన ఇంకో మాట అడిగాడు, దానికి నేనేదో చెప్పాను, అదేమిటో గుర్తు రావడం లేదు, గుర్తు రానిది గుర్తొచ్చినదానికంటే ఘోరంగానే ఉంటుంది.

అప్పుడు తట్టింది, ఆకురాయి ఇంకాస్త లోతుకు దిగుతుండగా. నిన్నే ఎందుకు. మ్యూట్ నిన్న పుట్టలేదు కదా. ముప్పై నాలుగు ఆదివారాలు, ముప్పై నాలుగు ఫైళ్లు, మొదటిది తప్ప ప్రతిదాంట్లో రెండో ట్రాకు. నెట్లోకెక్కిన ఏ వీడియోలోనూ నా మీట కింద మాట ఒక్కటీ లేదని ధీమాగా ఉన్నాను, లేదంటే ఎవరో తీసేశారనే కదా. తీయాలంటే ముందు వినాలి కదా. రెండో నెలలో పిట్ట పొట్టి జుట్టు కత్తిరించుకుంటే, తోక తెగిన ఉడతలా ఉంది అన్నాను. మూడో నెల నుంచి పెంచడం మొదలుపెట్టింది, మంచి నిర్ణయమమ్మా అని నేనే మెచ్చుకున్నాను కూడా. నవ్వు గురించి ఏదో అంటే ఆ తర్వాత నుంచి ఇంకా గట్టిగా నవ్వుతోంది. మా అత్తగారు పంపిన దుప్పటి గురించి అన్నది ఎప్పుడు, చలికాలంలో. ఆ తర్వాత అత్తగారు దుప్పటి సంగతి ఎత్తలేదు, అంటే చెప్పలేదు, లేక చెప్పే ఎత్తలేదా. ఇంత వినీ ఒక్కనాడూ పలకని మనిషి ఇవాళ ఆగకుండా ఫోన్ చేస్తోందంటే, ఇన్నాళ్లూ కుండ నిండింది, నిన్న ఒలికింది. కొంచెం ఇబ్బందిగా ఉందా, కళ్లలో నీళ్లొస్తున్నాయి, అన్నారు డాక్టరుగారు. నర్సమ్మ దూదితో అద్దింది. ఆయన మళ్లీ పై అంతస్తు నీళ్ల దగ్గరికి వెళ్లారు.

నిజానికి లెక్క సరిచూస్తే ముందు నోరు జారింది పిట్టే. మా పెళ్లయిన మర్నాడు వంటింట్లో, తలుపు వెనక నేనున్నానని తెలియక, అన్నయ్యకు ఇంకాస్త చలాకీ మనిషి దొరకాల్సింది, ఈవిడ మాట్లాడితే తపాలా ఆఫీసులో నిలబడ్డట్టుంది అంది. వంటింట్లో నాకు మీట లేదు, కనుక ఏమీ అనలేదు. పదేళ్లు ఏమీ అనకుండానే గడిపాను. బాగున్నావా వదినా, బాగున్నాను, అన్నయ్యకిస్తాను, ఇవే మాటలు, ఎన్ని పండగలొచ్చినా ఇవే. ఆ తర్వాత ఒకరోజు పిట్ట స్టూడియో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఆరు వారాలు మా ఇంట్లో పడింది. మా ఆయన పొద్దున్నే ప్రెస్సుకు పోతే రాత్రికి రాక. ఆటకు ఇంకో మనిషి కావాలి వదినా, ఊరికే కూర్చో, మీటలు నేను చెప్తాను అంది, కట్టు కట్టిన కాలు దిండ్ల మీద పెట్టుకుని. మొదటి రోజు నేను బీరువాను పదిహేడు సార్లు వదిలేశాను. పదిహేడోసారి ఇద్దరం నవ్వు ఆపుకోలేక, తనకు కాలు నొప్పెట్టి, నొప్పెట్టిందని మళ్లీ నవ్వి, మా ఆయన వచ్చేసరికి అన్నం కూడా వండలేదు. పదేళ్లలో తపాలా ఆఫీసు కిటికీ తెరుచుకున్నది ఆ సాయంత్రమే. కాలు బాగై వెళ్లిపోతుంటే సంచి అందుకుని గుమ్మం దాకా వెళ్లాను. ఆదివారం రెండింటికి ఖాళీయేనా, అంది. ఖాళీయే, అన్నాను.

ఫోను ఏడోసారి వణికి స్టూలు అంచుదాకా నడిచొచ్చింది, నర్సమ్మ పట్టుకుని వెనక్కి పెట్టింది. ఆ చప్పుడు ఆగిన నిశ్శబ్దంలో, మా ఆయన అడిగిన రెండో మాట దానంతటదే తేలి వచ్చింది. శనివారం ఒక్కదానివే ఆడి మూడుసార్లు దాటావుగా ఆ వంతెన, పిట్టతో ఆడేటప్పుడు ఎందుకు పడతావు అన్నాడు, చొక్కా చేతులు మడుస్తూ. నేను తెర వైపు చూస్తూనే చెప్పాను. సాధన ఆటలో వంతెన దాటగానే అయిపోయిందని వస్తుంది. దీన్నీ దాటేస్తే ఆట అయిపోతుంది. ఆట అయిపోతే ఆదివారాలు నీ చెల్లెలు నాతో ఏం మాట్లాడుతుంది అన్నాను. అప్పటికి పిట్ట నీళ్లు తాగొచ్చి వంతెన ఎక్కింది, ఆ మాట నోట్లో ఉండగానే ఆరో చెక్క మీద పడ్డాను, పడి, మీట వదిలి, జారిపోయానమ్మా అన్నాను పిట్టతో, పాలూ నీళ్ల గొంతుతో. తిట్లు వింటే విననీ, దానికి తను నాలుగు తిట్టొచ్చు, చెల్లుకు చెల్లు. ఈ మాట వింటే ఎలా. దీన్ని తీసుకుని ఎక్కడ పెట్టుకుంటుంది, నేను ఎక్కడ పెట్టుకోను.

అయిపోయిందమ్మా, రెండు గంటలు ఏమీ తినకండి, మాట్లాడకపోతే మంచిది, అన్నారు డాక్టరుగారు. వెళ్తుంటే తన వీధి పేరు చీటీ మీద రాసి చేతిలో పెట్టారు. బయట మెట్ల మీద కూర్చుని, బుగ్గ ఒకటి వాచి, రుమాలు గడ్డం కింద పెట్టుకుని ఫోన్ చేశాను. ఒక్క మోతకే ఎత్తింది.

"ఏమైపోయావు వదినా? ఏడుసార్లు చేశాను."

పన్ను అన్నాను. పెదవులు కలవలేదు, అది హన్ను అయింది. అది అర్థం చేసుకోవడానికి పిట్టకు కాస్త పట్టింది, అర్థమయ్యాక ఫోన్లో నవ్వు వినబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టుంది. తర్వాత విషయానికొచ్చింది. మొన్న ఆ రికార్డింగు ప్రోగ్రాం కొత్తదేదో వేసుకోమంటే వేసుకున్నానా అంది, వేసుకున్నాను, దాంతో నా టిక్కులన్నీ ఎగిరిపోయి మూడు ట్రాకులూ మళ్లీ ఒకటే ముద్దయ్యాయట. ఎప్పుడూ అయితే నీ మ్యూట్ మాటలు నేను తీసి పక్కన పెట్టుకుంటాను, ఈసారి తీయడానికి లేదు, ఆట చప్పుడులో కలిసిపోయాయి, ఏం చెయ్యాలో అడుగుదామని చేశాను అంది, పాలవాడు రాలేదని చెప్పినంత మామూలుగా. అన్నీ విన్నావా, అని అడిగాను. ఆ మాటలో పెదవులతో పని తక్కువ, కాస్త సరిగానే వచ్చింది.

"మొదటి వారం నుంచీ."

కోపం రాలేదా, అన్నాను. వచ్చింది, అంది. ఒక నెల రోజులు వచ్చిందట, వాళ్లమ్మకు చెప్పి ఏడుద్దామనుకుందట, ఉడత దగ్గర మాత్రం ఏడవబోయి అద్దంలో చూసుకుంటే నవ్వొచ్చిందట. ఆ తర్వాత ఆదివారం కంటే సోమవారం కోసం చూడడం మొదలైందట, ఫైలు ఎప్పుడొస్తుందా, ఈ వారం ఏమందోనని. రోడ్డు అవతల ఒకాయన నిచ్చెన వేసి దుకాణం బోర్డు కడుగుతున్నాడు. పిట్ట గొంతు తగ్గించింది.

"నువ్వు నాతో మాట్లాడుతుంటే ఎవరో ఆఫీసు ఆవిడతో మాట్లాడుతున్నట్టుంటుంది వదినా. మ్యూట్‌లోనే నువ్వు మనింటి మనిషిలా మాట్లాడతావు. అన్నయ్యతో మాట్లాడినట్టు. నాతో ఎందుకు మాట్లాడవు అలా?"

రుమాలు కళ్ల దాకా తీసుకెళ్లాను, మత్తు వల్ల కారేది ఏదో, మత్తు లేకుండా కారేది ఏదో తెలియలేదు. ఏం మాట్లాడుతుంది అని అన్నావు కదా, ఆ చివరి మాట, అంది పిట్ట. సరిగ్గా బీరువా వంతెన మీద పడ్డ క్షణంలోనే నా మాట కూడా రికార్డయింది, రెండూ ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయట, చప్పుడు తీస్తే మాట పోతుంది, మాట తీస్తే పడడం పోతుంది. ఇంకో సంగతి, అంది.

"ఆట వంతెనతో అయిపోదు. అవతల ఇంకా తొమ్మిది కొండలున్నాయి. మొదటి తెర మీదే రాసుంటుంది, అది వచ్చినప్పుడల్లా నువ్వు ఉండమ్మా, కళ్లజోడు తుడుచుకోనీ అంటావు. ఎనిమిది నెలలుగా నన్ను మొదటి కొండ మీదే చంపుతున్నావు."

నేను నవ్వాను. మొహంలో ఒక సగమే నవ్వింది, రెండో సగం డాక్టరుగారి అధీనంలో ఉంది. రుమాలు తడిసింది. ఎదురుగా నిచ్చెన మీదాయన తిరిగి చూశాడు. ఇంతకీ ఏం చెయ్యమంటావు ఆ ముక్క, పారెయ్యనా ఉంచనా, తేల్చి చెప్పు, అంది పిట్ట. నీకు తెలుసు కదా నేను కావాలని పడుతున్నానని, ఎందుకు ఊరుకున్నావు అని అడుగుదామనుకున్నాను, అంత పొడుగు మాట ఈ నోట్లో పట్టదు. ఉంచు, అన్నాను. ఏంటీ, అంది. ఉంచు, అన్నాను మళ్లీ, వేళ్లతో పెదవులు కూడదీసి. ఉంచమంటున్నావా, అంది, ఆఁ అన్నాను, అది మాత్రం గంట నుంచీ అభ్యాసం.

నోరెప్పుడొస్తుందట, అని అడిగింది. రెండు గంటలు అని రెండు వేళ్లు చూపించాను, ఫోనుకు కనబడదని తట్టేసరికి ఆవిడే ఏదో ఊహించుకుంది. అయితే నువ్వు మాట్లాడకు, అడ్డం రాకుండా విను, మా పై ఇంటావిడ నిన్న ఏం చేసిందో చెప్తాను, మొదట నీకు ఆవిడ పెంపుడు చిలక సంగతి తెలియాలి, అంది. అటుపక్క కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు, తలుపు వేసిన చప్పుడు, స్టూడియోలో ఎవరినో తర్వాత రమ్మన్న మాట వినబడ్డాయి. చిలక మొదలైంది. కథ చిలక భోజనం దాకా వచ్చేసరికి మా ఇంటి వైపు బస్సు వచ్చి నా ముందే ఆగింది, తలుపు తెరిచి కండక్టరు నా వైపు చూశాడు. వెళ్లమని చెయ్యి ఊపి, రెండో మెట్టు మీద కాస్త నీడలోకి జరిగి కూర్చున్నాను.